వినతిపత్రం: ‘డ్రాగన్స్ డాగ్మా 2’లో సరిదిద్దవలసిన అంశాల గురించి

శ్రీయుత అధ్యక్షుల వారికి,
కాప్‌కామ్ సంస్థ,
ఒసాకా, జపాన్.

విషయం: ‘డ్రాగన్స్ డాగ్మా 2’ రూపకల్పనలో ఆటగాళ్లకు ఇబ్బంది కలిగిస్తున్న నిర్ణయాలు, వాటి సవరణ, ఇకముందు ఈ పరంపరలో రాబోయే భాగాల్లో పాటించవలసిన పద్ధతుల గురించి.

ఆర్యా,

ఈ కింద సంతకాలు చేసిన మేము ‘డ్రాగన్స్ డాగ్మా’ ఆటలు ఆడే తెలుగువాళ్లం. హైదరాబాద్, విజయవాడ, విశాఖపట్నం వంటి నగరాల్లో ఉన్నవాళ్లం కొందరం, చదువుకో ఉద్యోగానికో దేశం దాటి వెళ్లినవాళ్లం కొందరం. 2012లో ప్లేస్టేషన్ 3 మీద మొదటి భాగం ఆడినవారు మాలో ఉన్నారు. 2016లో అది పీసీకి వచ్చాక పరిచయం చేసుకున్నవారున్నారు. నేరుగా రెండో భాగంతోనే మొదలుపెట్టినవారూ ఉన్నారు. వయసులు వేరు, వృత్తులు వేరు అయినా, తమకు ఈ పత్రం పంపాలన్న విషయంలో మా మధ్య భేదం లేదు.

మొదటి భాగానికి దాని లోపాలు దానికి ఉండేవి. నడిచిన దారినే మళ్లీ మళ్లీ నడవాల్సి వచ్చేది. కథ అక్కడక్కడా తెగిపోయేది. అయినా ఇన్నేళ్లపాటు దాన్ని మరచిపోలేకపోవడానికి రెండు కారణాలున్నాయి. ఒకటి, పోరాటం. సైక్లాప్స్ వీపు మీదికి ఎక్కి కంటి దాకా పాకి పొడవడం, గ్రిఫిన్ గాల్లోకి లేస్తుంటే దాని ఒంటిని పట్టుకుని వేలాడటం అప్పట్లో వేరే ఆటల్లో మాకు దొరకలేదు. రెండు, పాన్‌లు. ఆటగాడు తన చేత్తో రూపం దిద్దిన అనుచరుడు, ఆ ఆటగాడు నిద్రపోతున్న వేళ కూడా ఎక్కడో మరో దేశంలో, ముక్కూముఖం తెలియని మనిషి వెంట అడవుల్లో తిరిగి, అక్కడ నేర్చుకున్న విద్యతో, ఒక్కోసారి ఆ మనిషి ఇచ్చిన చిన్న కానుకతో వెనక్కి వస్తాడు. ఒకరినొకరు చూసుకోకుండానే ఆటగాళ్లు ఒకరికొకరు సాయపడే ఈ ఏర్పాటును మించిన ఊహ ఈ రంగంలో అరుదని మా నమ్మకం.

2024 మార్చి 22న వచ్చిన రెండో భాగం ఆ ఊహనే మరింత విశాలమైన నేల మీద పరిచింది. వెర్మండ్ రాజ్యపు కొండదారుల్లో సైక్లాప్స్ అగాధానికి అడ్డంగా కూలితే దాని ఒంటి మీదుగానే అవతలికి నడిచిపోవచ్చు. రాత్రి పడితే నిజమైన చీకటి. లాంతరులో నూనె అయిపోతే పక్కనున్నది చెట్టో శత్రువో తెలియదు. ఎద్దుబండి ఎక్కి కునుకు తీస్తే దారిలో గోబ్లిన్‌లు మీద పడి బండినే విరగ్గొట్టవచ్చు. తగిలిన దెబ్బల్లో కొంత భాగం ఏ మందుకూ మానదు, విడిది చేసి పడుకుంటేనే మానుతుంది. అందుకని ఊరి గేటు దాటే ముందు ప్రతిదీ తూచి చూసుకోవాలి: ఎంత బరువు మోయాలి, ఎక్కడ చీకటి పడుతుంది, ఏ పాన్‌ను వెంట తీసుకెళ్లాలి. ఇవన్నీ మేము కోరి తెచ్చుకున్న కష్టాలు. వీటిలో ఒక్కదాన్నీ తొలగించమని ఈ పత్రంలో అడగడం లేదు. ఈ ఆట మీద వచ్చిన ప్రతి ఫిర్యాదునూ కష్టానికి తాళలేనివాళ్ల గోలగా కొట్టిపారేయడం కొందరికి అలవాటైంది కాబట్టి, ఈ మాట ముందుగానే నమోదు చేస్తున్నాం.

దర్శకుడు హిదెయాకి ఇత్సునో గారు విడుదలకు ముందే తన ఆలోచనను దాపరికం లేకుండా చెప్పారు. ఆటలో ప్రయాణం విసుగు పుట్టిస్తే ఆ తప్పు ప్రయాణానిది కాదు, దారిలో ఆసక్తి నింపలేని ఆటదే అన్నది ఆయన వాదన. దానితో మేము ఏకీభవిస్తున్నాం. చిటికెలో ఊరి నుంచి ఊరికి ఎగిరిపోయే సౌకర్యాన్ని అరుదుగా, ఖరీదుగా ఉంచడం ఆ వాదనలోంచి వచ్చిన నిర్ణయమే. అలా ఎగరడానికి వాడే ఒక్కో ఫెర్రీస్టోన్‌కు అంగట్లో 10,000 బంగారు నాణేలు ఇచ్చుకోవాలి. అది తీసుకెళ్లి దింపే పోర్ట్‌క్రిస్టళ్లు వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్నే. అంత పెద్ద పటంలో ఇంత పొదుపు పాటించడానికి ధైర్యం కావాలి. ఆ ధైర్యాన్ని మేము గౌరవిస్తున్నాం.

చిక్కు విడుదల రోజున వచ్చింది. ఆట అమ్మకానికి పెట్టిన రోజునే దాని పక్కన మరికొన్ని వస్తువులు కూడా విడివిడిగా, అసలు డబ్బుకు, అమ్మకానికి కనిపించాయి: ఒక పోర్ట్‌క్రిస్టల్, చనిపోయినవారిని బతికించే వేక్‌స్టోన్, పాత్ర రూపం మార్చుకునే పుస్తకం, పాన్‌లను తెచ్చుకోవడానికి ఖర్చయ్యే రిఫ్ట్ క్రిస్టల్స్, చెరసాల నుంచి బయటపడే తాళంచెవి. అదే రోజు పీసీ మీద ఆట తడబడుతోందని, ముఖ్యంగా వెర్మండ్ రాజధాని వెర్న్‌వర్త్ నగరంలో బొమ్మ ఆగి ఆగి కదులుతోందని వేలాదిమంది చెప్పారు. ఉన్న కథను పక్కనపెట్టి కొత్తగా మొదలుపెట్టే వీలు మెనూలో లేదని కూడా అప్పుడే తెలిసింది. స్టీమ్‌లో ఆ రోజు వచ్చిన సమీక్షల్లో వ్యతిరేకంగా ఉన్నవే ఎక్కువ. విమర్శకులు మెచ్చుకున్న ఆటకు, అమెరికాలో 70 డాలర్లు పెట్టి కొన్న ఆటకు, తొలిరోజే ఈ గతి పట్టడం మాకు బాధ కలిగించింది.

ఆ తర్వాత మీ సంస్థ చేసిన పనులను విస్మరించడం న్యాయం కాదు. విడుదల రోజునే క్షమాపణ చెబుతూ ప్రకటన ఇచ్చారు. కొద్దిరోజుల్లోనే కొత్త ఆట మొదలుపెట్టే వీలు కల్పించారు. రూపం మార్చే పుస్తకాలు పాన్‌ల గిల్డులో 99 దాకా దొరికేలా చేశారు. ఏప్రిల్‌లో పాన్‌లకు సోకే డ్రాగన్స్‌ప్లేగ్ అనే జబ్బు వ్యాపించే వేగాన్ని తగ్గించారు. అదే సంవత్సరం సెప్టెంబరులో తేలికైన ఆటతీరును కూడా చేర్చారు. నిలిచి అడిగితే మీ సంస్థ వింటుందని వీటి వల్ల రుజువైంది. ఆ నమ్మకంతోనే మిగిలిన అంశాలను తమ ముందుంచుతున్నాం.

మా కోరికలన్నిటి వెనకా ఉన్న సూత్రం ఒక్కటే. రూపకర్త తన ఆటలో ఎంత కష్టమైనా పెట్టవచ్చు, అది ఆయన హక్కు. అయితే ఆ కష్టం రాబోతోందని ఆటగాడు గ్రహించే అవకాశం ఉండాలి, ఆ కష్టానికి ఉపశమనం ఆట బయట డబ్బుకు దొరకకూడదు. ఈ రెండు షరతులకు లోబడిన ఏ కష్టాన్నైనా మేము సంతోషంగా మోస్తాం.

మొదటి కోరిక అమ్మకాల గురించి. దుకాణంలో పెట్టినవన్నీ ఆటలోనూ సంపాదించుకోవచ్చని మీ సంస్థ విడుదల రోజునే వివరించింది. ఆ వివరణ నిజమే. ఒక్కటి కూడా కొనకుండా కథను ముగింపు దాకా ఆడవచ్చు, మాలో అత్యధికులు అలాగే ఆడారు. కాబట్టి కొనక తప్పని పరిస్థితి కల్పించారన్న ఆరోపణ మేము చేయడం లేదు. మా అభ్యంతరం వేరు. పోర్ట్‌క్రిస్టల్ ఎందుకు అరుదు అని అడిగితే, దారికి విలువ ఉండాలని, అడుగు ఆచితూచి వేయాలని దర్శకుడి నుంచి మాకు అందిన జవాబు. మేము దాన్ని నమ్మాం. ముళ్లబాట వేసినవారే దాని మొదట్లో కూర్చుని చెప్పులు అమ్ముతుంటే, ముళ్లు నడక నేర్పడానికి వేశారో బేరం కోసం వేశారో నడిచేవాడికి తెలియదు. ఇత్సునో గారి ఉద్దేశం మంచిదేనని మేము ఇప్పటికీ నమ్ముతున్నాం. కాని బటాల్ రాజ్యపు ఎండలో బరువు మోస్తూ, విడిది సామగ్రి అయిపోయి, తిరుగుదారి తలచుకుని నిట్టూర్చే క్షణంలో ఆటగాడికి గుర్తుకు రావలసింది తాను ఊళ్లో చేసిన ఏర్పాట్లు. దుకాణంలోని ధర గుర్తుకు వస్తే ఆ కష్టం రుచి మారిపోతుంది. అనుమానం ఒకసారి మొలిచాక ఆటలోని ప్రతి కొరతకూ పాకుతుంది: రిఫ్ట్ క్రిస్టల్స్ ఇంత తక్కువగా ఎందుకు దొరుకుతున్నాయి, చెరసాల తలుపు ఇంత గట్టిగా ఎందుకుంది అని. దర్శకుడి శ్రమ మీద ఈ నీడ వేసింది అమ్మకాల నిర్ణయం.

అందువల్ల ఆటలో సౌకర్యం, బలం, సమయం కలిసివచ్చేలా చేసే ఏ వస్తువునూ అసలు డబ్బుకు అమ్మకూడదని కోరుతున్నాం. ఇప్పుడున్నవాటిని దుకాణం నుంచి తొలగించాలి. సంగీతం, ధ్వనుల సంకలనాల వంటివి అమ్ముకోవడానికి మాకు అభ్యంతరం లేదు. డబ్బిచ్చి పోర్ట్‌క్రిస్టల్ కొన్నవారికి సొమ్ము తిరిగి ఇవ్వాలి, లేదా అంతే విలువను దుకాణంలో వాడుకునేలా జమ చేయాలి. అదే పోర్ట్‌క్రిస్టల్‌ను కథ ఒకసారి ముగించిన ప్రతి ఆటగాడికీ ఆటలోనే ఇవ్వాలి. మొదట్లోనే ఇవ్వమనడం లేదు, తొలి ప్రయాణం కాలినడకన సాగడమే సబబు. ఇందుకు పూర్వోదాహరణ మీ సంస్థదే. మొదటి భాగానికి 2013లో ‘డార్క్ అరిజెన్’ విస్తరణ తెచ్చినప్పుడు ఎన్నిసార్లు వాడినా అరగని ఫెర్రీస్టోన్‌ను మీరే ఇచ్చారు. దానివల్ల ఆ ఆట విలువ తగ్గలేదు. ఇప్పటికీ దాన్ని ఆడుతున్నవాళ్లం మాలో ఉన్నాం.

రెండో కోరిక, ఒకటికి మించిన సేవ్‌లు. ఇప్పటి ఏర్పాటులో ఒక ఖాతాకు ఒకే కథ. కొత్తది మొదలుపెట్టాలంటే పాతదాన్ని వదులుకోవాలి. ఆటగాడి పాత్ర అయిన అరిజెన్‌గా గడిపిన కాలం, ముఖం గీసి పేరు పెట్టి పెంచిన పాన్, వాడు ఇతర లోకాల్లో తిరిగి సంపాదించిన అనుభవం అన్నీ చెరిగిపోతాయి. పాన్‌తో అంత గాఢమైన అనుబంధం కల్పించిన ఆటే, దాన్ని చంపుకుంటే తప్ప రెండో కథ లేదనడం మాకు అన్యాయంగా తోస్తోంది. కనీసం మూడు వేర్వేరు సేవ్‌లకు చోటివ్వాలని కోరుతున్నాం.

దీనికి వచ్చే ఆక్షేపణ మాకు తెలుసు. చేసిన పనికి ఫలితం అనుభవించాలి, వెనక్కి తిప్పుకునే వీలుంటే నిర్ణయానికి బరువుండదు అంటారు. స్ఫింక్స్ పొడుపుకథలు దీనికి మంచి ఉదాహరణ. కొండ మీది ఆ స్ఫింక్స్ అడిగే ప్రశ్నల్లో ఒకటి, ఆటలో చెదురుమదురుగా దాచిన 240 సీకర్స్ టోకెన్లలో ఆటగాడికి మొట్టమొదటిది ఎక్కడ దొరికిందో అక్కడికి వెళ్లి రమ్మంటుంది. ఆటంతటిలో మేము ఎక్కువగా మెచ్చుకున్న ఘట్టాల్లో ఇది ఒకటి. ఆటగాడు తన తొలి అడుగులను తానే తవ్వి తీసుకోవాలి, తప్పితే తప్పిందే. ఆ కాఠిన్యం అలాగే ఉండాలి. మేము అడిగేది ఒక కథలో వెనక్కి వెళ్లే వీలు కాదు, వేరే కథ మొదలుపెట్టే చోటు. ఒక్కో సేవ్ లోపల ఇప్పటి కట్టుబాట్లన్నీ యథాతథంగా సాగవచ్చు. మాంత్రికుడిగా ఒక జీవితం, మిస్టిక్ స్పియర్‌హ్యాండ్‌గా మరో జీవితం గడపాలనుకోవడం పాత్రధారణ ఆటకు ప్రాణమేనని మీ రూపకర్తలకు మేము చెప్పనక్కరలేదు.

మూడోది, డ్రాగన్స్‌ప్లేగ్. పాన్‌లకు సోకే ఈ జబ్బు ఊహగా గొప్పది. ఒకరి లోకంలో పుట్టిన చీడ పాన్ వెంట మరొకరి లోకానికి పాకుతుంది. సోకిన పాన్ ఎదురు మాట్లాడుతుంది, ఆజ్ఞ వినదు, కళ్లు ఎరుపెక్కుతాయి. గమనించకుండా సత్రంలో నిద్రపోతే, తెల్లవారేసరికి ఆ ఊరు శవాల దిబ్బ. ఆటగాళ్లను కలిపే ఏర్పాటునే భయానికి కూడా వాహిక చేయడం సాహసం. కాని ఈ విపత్తు మొదట వచ్చిన తీరులో మేము పైన చెప్పిన మొదటి షరతు తప్పింది. ముప్పు గురించి ఆట ఇచ్చే సూచన అస్పష్టంగా ఉంది. ఒక నగరం మొత్తం చనిపోతుందని దాన్నిబట్టి ఎవరూ ఊహించలేరు. పైగా విపత్తు జరిగిన వెంటనే సేవ్ అయిపోతుంది, సత్రంలో తీసుకున్న విశ్రాంతికి తిరిగి వెళ్లే దారీ మూసుకుపోతుంది. చనిపోయినవారిలో పనులు అప్పగించేవారు, సరుకులు అమ్మేవారు, ఆటగాడు అభిమానం పెంచుకున్నవారు ఉంటారు. ఏప్రిల్ సవరణలో మీరు సోకే వేగం తగ్గించి, కళ్ల మెరుపును స్పష్టం చేయడం మేలు చేసింది. మిగిలింది ఒక్క మెట్టు. తొలిసారి ఈ జబ్బు ఆటగాడి గుంపులోకి వచ్చినప్పుడు, నగరానికి ముందు ఒక చిన్న పల్లెలోనో, దారి పక్క విడిదిలోనో దాని పర్యవసానాన్ని కథలో భాగంగా కళ్లారా చూపించాలి. అది చూశాక కూడా ఏమరితే నష్టం ఆటగాడిదే. అప్పుడు మేము ఎవరినీ నిందించం.

నాలుగో కోరిక మాలాంటివారికి మరీ దగ్గరిది. ఈ ఆటలో పాత్రలన్నీ, పాన్‌లతో సహా, పాతకాలపు గ్రాంథిక ఇంగ్లిష్ మాట్లాడతాయి. ఆ లోకానికి ఆ భాష అందమే, దాన్ని మార్చమని మేము అడగం. కాని తెలుగు మాధ్యమంలో చదువుకుని, ఇంగ్లిష్‌ను పాఠ్యపుస్తకంలోను, తర్వాత ఆఫీసులోను నేర్చుకున్న ఆటగాడికి ఆ మాటలు పరుగెత్తే ఉపశీర్షికల్లో అందవు. అందకపోతే పోయేది అందం ఒక్కటే అయితే సర్దుకునేవాళ్లం. ప్లేగు గురించిన హెచ్చరిక ఆ మాటల్లోనే వస్తుంది. కనబడకుండా పోయిన పిల్లవాణ్ణి వెతకడంలో ఆలస్యం చేయకూడదన్న సంకేతం ఆ మాటల్లోనే వస్తుంది. ఎక్కడికి వెళ్లాలో ఆటలోని చిట్టా కూడా పొడిపొడిగానే చెబుతుంది. తెలుగులో ఉపశీర్షికలు అడిగే రోజు వస్తుందని మా ఆశ, అది వేరే పత్రం. ఇప్పటికి మేము కోరేది స్వల్పం: పాత్రల సంభాషణను ముట్టుకోకుండా, పనుల చిట్టాను, హెచ్చరికలను సరళమైన ఇంగ్లిష్‌లో చదువుకునే ఎంపిక ఇవ్వండి. గడువు ఉన్న పనులకు గడువుందని ఒక గుర్తు పెట్టండి, గడువు ఎంతో చెప్పనక్కరలేదు. అక్షరాల పరిమాణం పెంచుకునే వీలు కల్పించండి. ఇంటి హాల్లో టీవీకి దూరంగా కూర్చుని ఆడే ఎవరికైనా ఇది ఉపయోగం. జపనీస్ మాతృభాష కాని మీ దేశపు ఆటగాళ్లూ ఇదే కోరతారని మేము అనుకుంటున్నాం.

ఐదోది వేగం. నగరాల్లోని ప్రతి పాత్ర ఉనికినీ ఎప్పటికప్పుడు లెక్కగట్టడానికి సీపీయూ శక్తి ఎక్కువగా ఖర్చవుతోందని మీ సంస్థే విడుదల వేళ వివరించింది. ఖరీదైన గ్రాఫిక్స్ కార్డు ఉన్నవారికి కూడా వెర్న్‌వర్త్‌లో వేగం ఎందుకు పడిపోతోందో దాంతో అర్థమైంది. నగరవాసులను చంపితే ఆట వేగం పెరుగుతోందని కొందరు ఆటగాళ్లు పరీక్షించి చూశారన్న వార్తలు అప్పుడు వచ్చాయి. ఒక లోకాన్ని సజీవంగా ఉంచడానికి చేసిన కృషి, ఆ లోకంలోని మనుషులను తొలగించాలనిపించేలా పరిణమించడం మీకూ సమ్మతం కాదని తెలుసు. తర్వాతి సవరణల్లో పరిస్థితి కొంత మెరుగైంది. మా దేశంలో చాలామంది ఆడేది మధ్యశ్రేణి కంప్యూటర్ల మీద. వాటిని మార్చుకోవడం ఏటేటా జరిగే పని కాదు. కాబట్టి కథకు సంబంధం లేని జనసమ్మర్దాన్ని తగ్గించుకునే ఎంపికను అమరికల్లో చేర్చాలని, కనీస అర్హతగా ప్రకటించే కంప్యూటర్‌తో నగరం నడిబొడ్డున ఎంత వేగం వస్తుందో అమ్మకం పేజీలోనే చెప్పాలని కోరుతున్నాం. అడవిలో వచ్చే వేగం చెబితే చాలదు.

ఆరోది పోరాటవిద్యల సంఖ్య. మొదటి భాగంలో రెండు రకాల ఆయుధాలు పట్టే వృత్తులకు ఒక్కో ఆయుధానికి మూడేసి చొప్పున ఆరు విద్యలు సిద్ధంగా ఉండేవి. రెండో భాగంలో నాలుగే. నేర్చుకున్నవాటిలో సగం పెట్టెలోనే మగ్గిపోతున్నాయి. దుస్తుల పొరలు కూడా తగ్గాయి. పాత్రను తీర్చిదిద్దుకోవడమే ఆనందమైన ఆటలో ఇది లోటు. విద్యల సంఖ్యను ఆరుకు తిరిగి తేవాలి.

ఏడో కోరిక కథ, శత్రువుల వైవిధ్యం. ఈ అంశంపై మా మధ్య సుదీర్ఘ చర్చ జరిగింది. ఇది సవరణతో తీరేది కాదు, విస్తరణతోనే తీరేది. వెర్న్‌వర్త్ రాజభవనంలో నకిలీ అరిజెన్‌ను సింహాసనం మీద కూర్చోబెట్టిన కుట్రతో కథ మొదలవుతుంది. కెప్టెన్ బ్రాంట్ చెప్పిన పనుల కోసం రాత్రివేళ కోటలోకి చొరబడతాం, విందులో మారువేషంతో నిలబడతాం. రాణి దీసా ఏం చేయబోతోందో తెలుసుకోవాలన్న ఆత్రం పెరుగుతుంది. సరిగ్గా అప్పుడే కథ బటాల్ సరిహద్దు దాటిపోతుంది. వెనక వదిలిన కుట్ర మళ్లీ మా చేతికి తగినంతగా అందదు. బటాల్ రాజ్యమైనా తన నేల విస్తీర్ణానికి తగ్గ కథ పొందలేదు. ఆ తర్వాత వచ్చే చివరి అంకం, అన్‌మూర్డ్ వరల్డ్, సముద్రం ఇంకిపోయి ఆకాశం ఎర్రబడిన ఆ లోకం, ఆట పేరులోని ‘2’ అంకె మొదటిసారి తెర మీద కనిపించే ఆ ఘడియ, మమ్మల్ని నిలువెల్లా కదిలించింది. దాచి ఉంచిన అంకంలో ఇంత బలముంటే, దాని ముందున్న రాజ్యాల కథకు ఆ బలంలో కొంతైనా దక్కకపోవడమే మా వెలితి.

దారుల సంగతీ ఇంతే. ప్రయాణమే ఆట అన్న సిద్ధాంతానికి దారిలో ఎదురయ్యేవి కొత్తగా ఉండటం ఆధారం. మొదటి గంటల్లో గోబ్లిన్‌ల గుంపు, బల్లిమనుషులు, హార్పీలు, బందిపోట్లు భయపెడతారు. యాభై గంటల తర్వాత వేరే దేశంలో, వేరే వాతావరణంలో, రంగు మారినా అవే గుంపులు వంద అడుగులకోసారి ఎదురైతే, నడక మీద దర్శకుడు పెట్టుకున్న నమ్మకమే నీరుగారుతుంది. మెడూసా, డల్లహాన్, లిచ్ వంటివి ఎదురైనప్పుడు మాలో కలిగిన గగుర్పాటు ఈ లోటును మరింత ఎత్తిచూపింది. అటువంటివి తయారు చేయగల చేతులు మీ దగ్గరున్నాయి. మొదటి భాగం కొరతలు తీర్చడానికి ‘డార్క్ అరిజెన్’లో బిటర్‌బ్లాక్ దీవిని కట్టి ఇచ్చినట్టే, రెండో భాగానికీ ఒక సంపూర్ణ విస్తరణ తేవాలని కోరుతున్నాం. వెర్మండ్ కుట్రను ముగించే కథ, బటాల్‌కు తనవైన జీవులు, కథ ముగిశాక కూడా పాన్‌లతో దిగి పరీక్షించుకోవడానికి ఒక లోతైన నేలమాళిగ అందులో ఉండాలి. దానికి న్యాయమైన ధర పెడితే చెల్లించడానికి మేము సిద్ధం. మాకు అభ్యంతరం తాళంచెవి కొనడం మీద, కథ కొనడం మీద కాదు.

చివరిది జవాబుదారీతనం. మూడు దశాబ్దాలకు పైగా మీ సంస్థలో పనిచేసిన ఇత్సునో గారు 2024 ఆగస్టు చివర వైదొలిగారు. ఆయనకు మా కృతజ్ఞతలు. అయితే ఈ పరంపర బాధ్యత ఇకపై ఎవరిదో మాకు తెలియదు. ఆ బాధ్యులు ఎవరో ప్రకటించాలని, ఈ ఆటకు ఇంకా సవరణలు వస్తాయా రావా అన్నది స్పష్టంగా చెప్పాలని, వచ్చే ప్రతి సవరణతో పాటు ఏం మార్చారో, ఎందుకు మార్చారో నాలుగు వాక్యాలు రాయాలని కోరుతున్నాం. విడుదలైన పదకొండు రోజుల్లో 25 లక్షల ప్రతులు అమ్ముడుపోయాయని మీ సంస్థే సగర్వంగా ప్రకటించింది. అంతమంది కొన్నాక, ఆ కొన్నవారికి ఇవ్వవలసిన సమాధానం కూడా ఆ లెక్కలో భాగమే.

పై ఎనిమిదింటిలో దుకాణపు వస్తువుల తొలగింపు, వేర్వేరు సేవ్‌లు, సరళమైన చిట్టా అన్న మూడూ కొత్త కథనో కొత్త జీవులనో కోరేవి కావు. కాబట్టి వీటిని ముందుగా చేపట్టమని మనవి. విస్తరణకు కాలం పడుతుందని తెలుసు, దానికి తొందరపెట్టం. ఏ అంశమైనా సాంకేతికంగా అసాధ్యమైతే, ఎందుకు అసాధ్యమో వివరించమని మాత్రమే అడుగుతున్నాం. సీపీయూ గురించి మీరు వివరించినప్పుడు మాలో ఆగ్రహం చాలావరకు తగ్గి, చర్చ మొదలైంది. మిగతా అంశాల్లోనూ అలాగే జరుగుతుందని ఆశిస్తున్నాం.

ఈ పత్రం ప్రతిని ఆట రూపకల్పన విభాగానికి, అమ్మకాల విభాగానికి కూడా పంపవలసిందిగా కోరుతున్నాం. మొదటి కోరిక మీద ఆ రెండు విభాగాలూ కలిసి కూర్చుని మాట్లాడితే తప్ప జవాబు రాదు. జవాబు జపనీస్‌లో ఇచ్చినా ఇంగ్లిష్‌లో ఇచ్చినా, దాన్ని తెలుగులోకి తెచ్చి మా తోటి ఆటగాళ్లందరికీ ఒక్క మాట పొల్లుపోకుండా అందజేసే బాధ్యత మాది.

ఇట్లు,
భవదీయులు,
సంతకాలు చేసిన తెలుగు ఆటగాళ్లు.